మోజార్ట్‌కి పెద్ద గొంతు పనికిరాదా? ఒక అన్నాచెల్లెలి తగువు

ప్రశ్న: నమస్తే అండీ. మాది కాకినాడ, బ్యాంకులో పనిచేస్తాను. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకున్నాను. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లితో ఆగిపోయింది. మా అన్నయ్య జర్మనీలో ఉంటాడు, అక్కడ ఒక బృందగానంలో పాడతాడు. ఒపేరా వినడం నాకు నేర్పింది అన్నయ్యే. మోజార్ట్ రాసిన 'మార్టెర్న్ ఆలెర్ ఆర్టెన్' అనే ఆరియాని (ఒపేరాలో ఒక్కరే పాడే పాట) ఒపేరా గాయని మరియా కల్లాస్ పాడిన పాత రికార్డు ఈ మధ్య నా కంటపడింది. వంట చేస్తూ విన్నదాన్ని, స్టవ్ ఆపేసి నిలబడిపోయాను. సంబరంగా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అన్నయ్య వెంటనే 'ఇది మోజార్ట్ కాదు, అరుపు. ఇంత పెద్ద గొంతుతో మోజార్ట్ పాడకూడదు. గ్రుబెరోవా పాడింది విను' అని రాశాడు. మా పిన్ని పిల్లలు నవ్వే బొమ్మలు పెట్టారు. అన్నయ్య చెప్పిన గాయని గ్రుబెరోవా పాడింది కూడా విన్నాను. చాలా శుభ్రంగా ఉంది కానీ నాకేమీ అనిపించలేదు. ఆ మాటే అంటే 'గమకాలకు అలవాటు పడిన చెవితో వింటే అంతే' అన్నాడు. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఇప్పుడు మా మధ్య పొడిపొడి మాటలే. పెద్ద గొంతు నిజంగానే మోజార్ట్‌కి పనికిరాదా? నా చెవే తప్పా? అన్నయ్యతో ఏమని మాట్లాడాలి?

— ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్న రికార్డు ఏదో రాయలేదు. కల్లాస్ ఈ ఆరియా పాడినవి ఎక్కువగా వినిపించేవి రెండు. ఒకటి 1954 డిసెంబరు 27న ఇటలీలోని సాన్‌రేమోలో రేడియో కోసం జరిగిన కచేరీ. రెండోది 1957 నవంబరులో అమెరికాలోని డాలస్‌లో జరిగిన రిహార్సల్. రెండూ ఇటాలియన్‌లోనే పాడింది. మీరు విన్నది సాన్‌రేమోది అనుకుని రాస్తున్నాను.

ముందు 'అరుపు' అన్న మాట తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని గుచ్చింది ఆ మాటే. ఆ రికార్డులో అకారం మీద సాగే పరుగుల్ని మళ్లీ వినండి. ఒక స్వరం ఇంకో స్వరంలో కలిసిపోకుండా, తాళం జారకుండా, పైకి ఎక్కినంత తేలిగ్గా కిందికి దిగుతుంది. అరిచే గొంతుకి అది చేతకాదు. అరుపులో గాలి ఒత్తిడి ఎక్కువై గొంతు బిగుసుకుంటుంది, బిగుసుకున్న గొంతు పరుగెత్తలేదు. కల్లాస్ మీద న్యాయంగా చేయదగ్గ ఫిర్యాదు వేరే ఉంది. పై స్వరాల్లో ఆమె నాదం గరుకుగా, ఒక్కోసారి లోహపు అంచుతో ఉంటుంది. అది కొందరికి చెవిలో గుచ్చుకుంటుంది. మీ అన్నయ్యకు గుచ్చుకుని ఉండొచ్చు. ఆయన ఆ మాటే అని ఉంటే నేను ఒప్పుకునేదాన్ని.

ఇక అసలు ప్రశ్న. పెద్ద గొంతుతో ఈ ఆరియా పాడొచ్చా? దీనికి జవాబు కావాలంటే మోజార్ట్ ఏం రాశాడో, ఎవరి కోసం రాశాడో చూడాలి.

ఈ ఆరియా వచ్చే ఒపేరా పేరుకి 'అంతఃపురం నుంచి అపహరణ' అని అర్థం చెప్పుకోవచ్చు. 1782 జులై 16న వియన్నాలోని బుర్గ్‌థియేటర్‌లో మొదటిసారి ఆడింది. అప్పటికి మోజార్ట్‌కి 26 ఏళ్లు. కొన్‌స్టాంట్సె అనే స్పెయిన్ దేశపు యువతి సముద్రపు దొంగల చేతికి చిక్కి, సెలీం అనే పాషాకు, అంటే తుర్కీ ప్రభువుకు, అమ్ముడుపోతుంది. పాషా ఆమెను ప్రేమిస్తున్నానంటాడు. ఆమె మనసు బెల్మోంటె దగ్గర ఉంది. రెండో అంకంలో పాషా ఓపిక నశించి, చావు కాదు, అన్ని రకాల చిత్రహింసలూ చూస్తావని బెదిరిస్తాడు. ఆ మాటనే పట్టుకుని ఆమె ఆరియా మొదలుపెడుతుంది. 'ఏ రకం చిత్రహింసలైనా నాకోసం కాచుకుని ఉండనీ, బాధను చూసి నవ్వుతాను' అని. మధ్యలో ఒక్కసారి గొంతు తగ్గించి 'మనసు కరగనివ్వు, నన్ను వదిలిపెట్టు, దైవం నిన్ను దీవిస్తుంది' అని బతిమాలుతుంది. ఆయన కరగడని తెలిశాక వేగం ఇంకా పెరుగుతుంది. 'ఆజ్ఞాపించు, గర్జించు, చెలరేగు, మండిపడు, చివరికి చావే నన్ను విడిపిస్తుంది' అంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ ఒపేరాలో పాషా పాడడు. ఆ పాత్రకు మాటలే తప్ప ఒక్క పాట కూడా లేదు. అంటే అధికారమంతా ఉన్న మనిషికి సంగీతం లేదు. బందీగా ఉన్న ఆడమనిషి దగ్గర సంగీతం తప్ప ఇంకేమీ లేదు. దాదాపు తొమ్మిది నిమిషాల పాటు ఆమె గొంతు ఒక్కటే ఆయన అధికారానికి ఎదురు నిలవాలి. నాకు ఈ ఆరియా అంటే ప్రాణం, కారణం ఇదే. అందులోని పరుగులు కేవలం అలంకారమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేను. ఆమె ధిక్కారం ఆ పరుగుల్లోనే ఉంది. నన్ను కట్టేశావు కదా, ఇప్పుడు ఎలా కదులుతున్నానో చూడు అన్నట్టు ఉంటాయి అవి.

ఇంతటి పాటను మోజార్ట్ కాటరీనా కావాలియేరి అనే వియన్నా గాయని కోసం రాశాడు. ఆమె సాలియేరి అనే స్వరకర్త శిష్యురాలు. 1781 సెప్టెంబరు 26న తండ్రికి రాసిన ఉత్తరంలో మోజార్ట్ ఒక సంగతి దాచకుండా చెప్పాడు. ఇదే ఒపేరాలో కొన్‌స్టాంట్సె పాడే మొదటి ఆరియాని కావాలియేరి గారి చురుకైన గొంతు కోసం కొంచెం త్యాగం చేశానన్నాడు. గాయనిని చూసి పాట కుట్టడం ఆ రోజుల్లో మామూలే. ఆరేళ్ల తర్వాత మోజార్ట్ ఇంకో ఒపేరా 'డాన్ జొవాన్నీ' వియన్నాకి వచ్చినప్పుడు కూడా డోనా ఎల్వీరా వేషం వేసిన కావాలియేరి కోసం అందులో లేని ఆరియా ఒకటి కొత్తగా రాసి చేర్చాడు. కాబట్టి 'మార్టెర్న్' ఒక మనిషి కొలతలకు తయారైన పాట. ఆమె తర్వాత పాడినవాళ్లందరికీ అది ఎక్కడో ఒకచోట బిగుతుగానో వదులుగానో ఉండక తప్పదు.

ఆ కొలతలు ఎంత కఠినమో చూడండి. పాశ్చాత్య స్వరాల్లో మధ్య సి కంటే ఒక మెట్టు కింద ఉన్న బి నుంచి, రెండు స్థాయిలు దాటి పైన ఉన్న డి దాకా గొంతు తిరగాలి. ఇప్పటి శ్రుతి లెక్కన చెబితే సెకనుకు దాదాపు 250 కంపనాల నుంచి 1,175 దాకా. కింది స్వరాల్లో బలం ఉండాలి, ఎందుకంటే వాద్యబృందంలో ట్రంపెట్లూ నగారాలూ ఉన్నాయి. పై స్వరాల్లో తేలిక ఉండాలి. మధ్యలో బతిమాలే చోట మెత్తదనం కావాలి. పైగా దీనికి ముందే ఆమె ఇంకో పెద్ద ఆరియా, దుఃఖంతో నిండింది, పాడి ఉంటుంది. రెంటి మధ్య కాసిన్ని మాటలే. ఇది మొదలవగానే పాడాల్సిన అవసరం రాదు. వేణువు, ఓబో (సన్నాయి లాంటి వాద్యం), వయొలిన్, చెల్లో నాలుగూ ముందుకొచ్చి దాదాపు రెండు నిమిషాలు తమలో తాము మాట్లాడుకుంటాయి. అంతసేపు ఆమె వేదిక మీద పాషా ఎదుట ఊరికే నిలబడాలి. ఆ సమయంలో ఇద్దరితో ఏం చేయించాలో తెలియక దర్శకులు ఇప్పటికీ కిందామీదా పడుతుంటారు.

ఇన్నీ ఒకే గొంతులో ఉండటం అరుదు. తేలికైన గొంతు ఉన్నవాళ్లు పరుగులు ముత్యాల్లా పలికిస్తారు, కింది స్వరాల్లో మాత్రం వాద్యాల కింద మునిగిపోతారు. బరువైన గొంతు ఉన్నవాళ్లు కింద నిలబడతారు, ధిక్కారం పండిస్తారు. పరుగుల దగ్గరికొచ్చేసరికి సందులో లారీ మలుపు తిప్పినట్టు అవుతుంది. దీనికి శరీరంలోనే కారణం ఉంది. శిక్షణ పొందిన ఒపేరా గొంతు సెకనుకు ఐదు నుంచి ఏడు సార్లు సహజంగా ఊగుతుంది. దాన్ని వైబ్రాటో అంటారు. పెద్ద గొంతుల్లో ఆ ఊపు వెడల్పుగా ఉండటం తరచు చూస్తాం. పరుగుల్లో స్వరాలేమో సెకనుకు ఏడెనిమిది దాకా వెళ్తాయి. ఒక్కో స్వరం మీద ఊపు పూర్తయ్యే సమయమే లేదు. అప్పుడు ఊపు ఏదో స్వరం ఏదో తెలియకుండా అంతా అలుక్కుపోతుంది. ఆ ఊపును పరుగుల్లో తగ్గించి, నిలిచే స్వరాల్లో మళ్లీ తెచ్చుకోగలిగిన పెద్ద గొంతులే ఈ పాటకు సరిపోతాయి. మీ అన్నయ్య భయం ఊరికే పుట్టింది కాదు. ఆయన అలా అలుక్కుపోయిన పెద్ద గొంతుల్ని విని ఉంటారు. నేనూ విన్నాను, పాట అయిపోయేదాకా కూర్చోవడం కష్టమైంది.

ఉదాహరణకి బిర్గిట్ నిల్సన్. పెద్ద గొంతులు కోరే ఒపేరాలు రాసిన జర్మన్ స్వరకర్త వాగ్నర్ పాత్రలకు ఆమెను మించిన గొంతు ఇరవయ్యో శతాబ్దంలో లేదంటే ఒప్పుకునేవాళ్లు చాలామంది. 1959లో ఆమె 'డాన్ జొవాన్నీ'లో డోనా ఆన్నాగా రికార్డు చేసింది. తండ్రిని చంపినవాణ్ణి గుర్తుపట్టి పగ తీర్చుకోమని అడిగే చోట ఆమె గొంతు వింటే ఒళ్లు జలదరిస్తుంది. చివరి అంకంలో ప్రియుణ్ణి ఓదారుస్తూ పాడే 'నాన్ మీ దిర్' దగ్గర, ఆ మెత్తని పరుగుల్లో, ఆమె ఎంత జాగ్రత్తగా అడుగులేస్తోందో మనకు వినిపించేస్తుంది. ఆ జాగ్రత్త వినిపించడమే ఇబ్బంది. ఇలాంటి చోట మీ అన్నయ్య వాదన గెలుస్తుందని నా అభిప్రాయం.

కల్లాస్ సంగతి వేరు. ఆమె గొంతు పెద్దదే, కానీ ఆమె పెరిగిన సాధన చురుకు గొంతుల సాధన. 1949 జనవరిలో వెనిస్‌లో వాగ్నర్ 'వాల్క్యూరె'లో బ్రున్‌హిల్డెగా పాడుతూ ఉండగా, వేరే గాయనికి ఒంట్లో బాగాలేక, కొద్ది రోజుల తేడాలో బెల్లీని రాసిన ఒపేరా 'ఇ పురితానీ'లో ఎల్వీరా పాడింది. ఒకటి ఉక్కు లాంటి బరువైన పాత్ర, రెండోది పరుగులతో అల్లిన పాత్ర. ఆమె పేరు ఇటలీ అంతా మోగింది ఆ రోజుల్లోనే. 1952 ఏప్రిల్‌లో మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా థియేటర్‌లో కొన్‌స్టాంట్సె వేసింది. వేదిక మీద ఆమె వేసిన మోజార్ట్ పాత్ర అదొక్కటే. తర్వాత 1971, 72ల్లో న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో పాఠాలు చెప్పినప్పుడు, మోజార్ట్‌ని జనం మునివేళ్ల మీద నడుస్తున్నట్టు పాడుతున్నారని, ఇటాలియన్ స్వరకర్త వెర్డీని పాడినంత నిస్సంకోచంగా పాడాలని విద్యార్థులకు చెప్పింది. మీరు స్టవ్ ఆపి విన్నది ఆ నిస్సంకోచమే.

ఆమెకంటే ముందు కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు. లిల్లీ లేమాన్ 1876లో, వాగ్నర్ ఒపేరాల కోసం మొదలైన బైరాయిట్ మొదటి ఉత్సవంలో, వాగ్నర్ ఎదుటే పాడిన గాయని. వాగ్నర్ ఒపేరాలోని ఇసోల్డె పాత్రను అమెరికాలో మొదట పాడింది ఆమే. ఆవిడ దాదాపు అరవై ఏళ్ల వయసులో, 1907లో, ఇదే 'మార్టెర్న్'ని రికార్డు చేసింది. గరగర శబ్దం మధ్య, వయసు మీద పడిన గొంతులో కూడా ఆ పరుగులు ఎంత నిక్కచ్చిగా వచ్చాయో వింటే ఆశ్చర్యమేస్తుంది. 1960లో జోన్ సదర్లాండ్ పాడింది. ఆమెది భారీ గొంతు, అయినా పరుగుల్లో నీళ్లలా జారుతుంది. అయితే మాటలు నమిలినట్టు పాడుతుంది. కొన్‌స్టాంట్సె ఏమంటోందో జర్మన్ వచ్చినవాళ్లకు కూడా సరిగా అందదు. ధిక్కరించే పాటలో మాట అందకపోతే నాకు వెలితిగానే ఉంటుంది. ఇంకొకరి మాట చెప్పి ఊరుకుంటాను. ఎడ్డా మోజర్ అనే జర్మన్ గాయని బలమైన గొంతుతో పాడిన మోజార్ట్ ఆరియా, 'మాయావేణువు'లో రాత్రి రాణి కోపంతో పాడేది, 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టి పంపిన బంగారు రికార్డులో ఉంది. హిందూస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా అదే రికార్డులో ఉంది. లోకం తరఫున పంపడానికి ఎంచినవాళ్లు బరువైన గొంతుని చూసి వెనకాడలేదు.

మీ అన్నయ్య పక్షాన బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. ఆయన మీతో చెప్పారో లేదో గానీ చెప్పకపోతే నేను చెబుతాను. కావాలియేరి గురించి రాసిన అదే ఉత్తరంలో మోజార్ట్ ఇదే ఒపేరాలోని ఓస్మిన్ అనే పాత్ర కోపం గురించి రాశాడు. భావావేశం ఎంత తీవ్రమైనా వినేవాళ్లకు వెగటు కలిగేలా చెప్పకూడదని, ఎంత భయంకరమైన సన్నివేశంలోనైనా సంగీతం చెవిని నొప్పించకూడదని, అది సంగీతంగానే మిగలాలని అన్నాడు. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? 'అరుపు' అన్నప్పుడు మీ అన్నయ్య మనసులో ఉన్నది ఈ సూత్రమే కావచ్చు. కానీ ఆ మాటకు పక్కనే ఇంకో మాట ఉంది. పట్టరాని కోపంలో ఉన్న మనిషి హద్దు దాటి తనను తాను మరచిపోతాడు, సంగీతం కూడా తనను తాను మరచిపోవాల్సిందే అన్నాడు. అందుకని ఓస్మిన్ ఆరియా చివర ఉన్నట్టుండి వేరే శ్రుతిలోకి దూకించాడు, మరీ దూరమైన శ్రుతిలోకి కాకుండా బంధువు లాంటి దానిలోకి. అంటే హద్దు ఉండాలి, ఆ హద్దు దాకా వెళ్లాలి కూడా. కల్లాస్ వెళ్లింది. ఒకటి రెండు పై స్వరాల దగ్గర గీత మీద కాలు పెట్టిందేమో, దాటిందని మాత్రం నేననను.

గ్రుబెరోవాని తీసిపారేయకండి. 1980లో మ్యూనిక్‌లో కార్ల్ బోమ్ వాద్యబృంద నిర్వహణలో ఆమె కొన్‌స్టాంట్సె వేసిన ప్రదర్శన వీడియో ఉంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు పాట ఒక్కటే విని ఉంటారు. ఒకసారి రెండో అంకం మొత్తం చూడండి. ముందు దుఃఖపు ఆరియాలో ఆమె గొంతు సన్నగా, దాదాపు గాలిలా ఎలా అయిపోతుందో విన్నాక, ఆ మనిషే 'మార్టెర్న్' మొదలుపెడితే ఆ శుభ్రత వెనక ఎంత మొండితనం ఉందో తెలుస్తుంది. అంతటి నిబ్బరం కూడా ధిక్కారమే. మొదట కల్లాస్‌ని విన్నారు కాబట్టి మీ చెవిలో ఆ కొలబద్ద స్థిరపడింది. అన్నయ్యకి బహుశా గ్రుబెరోవా ముందు తగిలి ఉంటుంది. మొదట మనసుకి తగిలిన గొంతు తర్వాత వచ్చినవాళ్లందరికీ పరీక్ష పెడుతుంది. త్యాగరాజ కీర్తన ఒకటి ఎవరి నోట మొదట విన్నామో వాళ్లదే అసలు పాఠం అనుకునేవాళ్లని మీరు చూసే ఉంటారు.

గమకాల చెవి అన్న మాట గురించి. అది మిమ్మల్ని తక్కువ చేయడానికి అన్నది అయితే తప్పు. సరళీస్వరాలు మూడు కాలాల్లో అకారంతో సాధన చేసిన మనిషికి, ఎవరి పరుగు శుభ్రంగా ఉందో ఎవరిది అలుక్కుపోయిందో వినడం కొత్తేమీ కాదు. శ్రుతి తప్పితే మీకు తెలిసినంత త్వరగా చాలామంది ఒపేరా ప్రేక్షకులకు తెలియదు. అయితే అందులో వినదగ్గ ముక్క ఒకటి ఉంది. మన సంగీతంలో స్వరం ఊగడం రాగానికి ప్రాణం, ఆ ఊపు లేకపోతే అది ఆ స్వరమే కాదు. మోజార్ట్‌లో స్వరం తన చోట నిలవాలి, ఊపు నాదానికి రంగు మాత్రమే. అందుకని పెద్ద గొంతు ఊపులో స్వరాలు కలిసిపోయినప్పుడు మన చెవి దాన్ని గమకంలా అనుకుని క్షమించేసే అవకాశం ఉంది. కల్లాస్ దగ్గర మీకు ఆ పొరపాటు జరగలేదు. ఇంకొకరి దగ్గర జరగొచ్చు. పరుగులు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని, మనసులో తాళం వేస్తూ, స్వరాలు విడివిడిగా వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి.

రికార్డులో విన్నదాన్ని బట్టి గొంతు పరిమాణం మీద పూర్తి తీర్పు ఇవ్వకండి, మీరైనా మీ అన్నయ్యైనా. మైకు చిన్న గొంతుని దగ్గరికి తెచ్చి పెద్దది చేస్తుంది, పెద్ద గొంతుని అణిచి గరుకుదనాన్ని మాత్రం మిగులుస్తుంది. కావాలియేరి పాడిన బుర్గ్‌థియేటర్ ఇప్పటి ఒపేరా భవనాలతో పోలిస్తే చిన్నది. 1888లో దాన్ని కూల్చేశారు. వాద్యబృందంలో ముప్పై అయిదు మంది దాకా ఉండేవాళ్లు, తీగలు జంతువుల పేగుతో చేసినవి, శ్రుతి కూడా ఇప్పటికంటే కొంచెం కింద. లా స్కాలాలో దాదాపు రెండు వేల మంది కూర్చుంటారు, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో 3,800 మంది. గాయని మైకు లేకుండా చివరి వరుసకు వినపడాలి. సాధన చేసిన గొంతు సెకనుకు మూడు వేల కంపనాల దగ్గర బలాన్ని కూడగట్టుకుని వాద్యాల మీదుగా దూసుకుపోతుంది. అయినా కింది స్వరాల్లో ఆ సాయం సరిపోదు, అక్కడ గొంతు దళసరిగా ఉండాల్సిందే. హెడ్‌ఫోన్లలో ముత్యాల్లా వినిపించిన తేలిక గొంతు అంత పెద్ద హాల్లో ఈ ఆరియా సగం పాడకముందే కనుమరుగవడం సాధ్యమే. పాతకాలపు వాద్యాలతో చేసిన రికార్డులు, వాద్యబృంద నిర్వాహకుడు జాన్ ఎలియట్ గార్డినర్ 1991లో గాయని లూబా ఒర్గొనాషొవాతో చేసినది లాంటివి, వింటే తేలికైన గొంతుకి వాద్యాలు ఎంత చోటిస్తాయో అర్థమవుతుంది. అలాంటి చోట మీ అన్నయ్య ఇష్టపడే గొంతు హాయిగా ఉంటుంది. పెద్ద హాలు, ఉక్కు తీగలు, ఎత్తు శ్రుతి ఉన్నచోట పెద్ద గొంతు అడగడం న్యాయమే.

అందుకని నా మాట సూటిగా చెబుతాను. ఈ ఆరియాకి పెద్ద గొంతు పనికొస్తుంది. ఆ గొంతు పరుగెత్తగలిగితే. పరుగెత్తలేకపోతే, ఎంత ఆవేశం ఉన్నా వద్దు, ఎందుకంటే అప్పుడు కొన్‌స్టాంట్సె ధిక్కారమే కుంటిదైపోతుంది. తేలిక గొంతులోంచి ఆవేశం పుట్టించడం కుదురుతుంది, కానీ దానికి మనిషి చాలా గొప్ప కళాకారిణి అయి ఉండాలి. నాకు రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కల్లాస్ దగ్గరికే వెళ్తాను. ఇది నా ఇష్టం, మీ అన్నయ్యకి వేరే ఇష్టం ఉండొచ్చు, దానికి ఆయన దగ్గర మంచి కారణాలున్నాయి.

మీ ఇద్దరి సంగతి. అన్నయ్య మీకు ఈ సంగీతం నేర్పారు. ఇన్నాళ్లూ ఆయన పంపిన లింకులు మీరు విన్నారు, బాగుందన్నారు. మొదటిసారి మీరే ఒకటి వెతుక్కుని, అదీ అందరి ముందూ పెట్టారు. అది ఆయనకు తెలియకుండానే ఎక్కడో తగిలి ఉంటుంది. ఒక్క మాటలో కొట్టిపారేయడం, దాని మీద పిల్లలు నవ్వడం మీకు బాధ కలిగించింది. ఆ బాధ నిజమైనదే. గ్రూపులో ఆయన అలా రాసి ఉండకూడదు. మీరు కూడా కల్లాస్ నచ్చిందని చెప్పారే గానీ ఎక్కడ, ఎందుకు నచ్చిందో చెప్పినట్టు ఉత్తరంలో లేదు. 'నిలబడిపోయాను' అన్నదానికి ఎదుటివాళ్లు ఏం జవాబివ్వాలి? 'మనసు కరగనివ్వు' దగ్గర ఆమె గొంతు ఇలా తగ్గింది, అందుకే తర్వాత 'చెలరేగు, మండిపడు' దగ్గర వెన్ను నిటారుగా అయింది అంటే అది మాట్లాడుకోదగ్గ మాట.

గ్రూపులోకి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు. ఈ విషయం అక్కడ తేలదు. అన్నయ్యకి విడిగా ఫోన్ చేయండి, మీకు ఆదివారం మధ్యాహ్నం అయితే వాళ్లకు పొద్దున్న. ఇద్దరూ ఒకే రికార్డు పెట్టుకుని ఒక్కో చోట ఆపి వినండి. ముందు గ్రుబెరోవాది వినండి, ఆయనకు ఏది నచ్చిందో ఆయన నోటితోనే చెప్పించుకోండి, మధ్యలో అడ్డుపడకండి. తర్వాత కల్లాస్‌ది మీరు వినిపించండి. ఆయన జర్మనీలో ఉన్నారు కాబట్టి ఇంకో పని కూడా చేయగలరు. అక్కడి ఒపేరా థియేటర్లలో ఈ ఒపేరా తరచుగానే వేస్తుంటారు. చివరి వరుసలో కూర్చుని విని, ఆ కింది స్వరాలు తన దాకా వచ్చాయో లేదో చెప్పమనండి. నాకు తెలిసి ఆయన దానికి సరే అంటారు. ఫోన్ చేసే ముందు ఏదైనా రాయాలనిపిస్తే ఇంతే రాయండి:

'అన్నయ్యా, నువ్వు చెప్పిన గ్రుబెరోవా మళ్లీ వినబోతున్నాను, ఈసారి రెండో అంకం మొత్తం. నీకు ఆ పాటలో బాగా నచ్చిన చోటు ఎన్నో నిమిషం దగ్గర ఉందో చెప్పు. కల్లాస్ పాడిన దాంట్లో పరుగులు ఒకసారి తాళం వేస్తూ విని, ఎక్కడ అరుపులా అనిపించిందో అది కూడా చెప్పు. ఆదివారం ఫోన్ చేస్తాను.'